ఏప్రిల్ 13 రాత్రి ఫ్లెక్సీ షాపులో
(మా పని, మా ఒళ్ళు – 9)



పోయిన భాగం డ్రైనేజీ పని గురించి. అది చదివి యూనివర్సిటీలో చదువుతున్న ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. "అన్నా, మనోళ్ళు ఆ పనుల్లోంచి బయటపడి టెక్నికల్ పనుల్లోకి వస్తున్నారు కదా, దాని గురించి కూడా రాయొచ్చు కదా" అని. రాస్తాను తమ్ముడూ. ఈసారి అద్దాల తలుపు, ఏసీ, కంప్యూటర్ ఉన్న పని గురించే.

2025 ఏప్రిల్ 13, రాత్రి పదిన్నర. మా టౌన్ బస్టాండు వెనక ఒక ఫ్లెక్సీ షాపు. తెల్లారితే బాబాసాహెబ్ జయంతి. మా కమిటీ పన్నెండు ఫ్లెక్సీలు చెప్పింది. ఎప్పటిలాగే ఫొటోలు, పేర్లు, ఎవరి ఫొటో ఎంత సైజు అనే గొడవ తేలేసరికి సాయంత్రం ఏడయింది. మాలాగే ఇంకో నాలుగు పల్లెల కమిటీలు కూడా ఆ రోజే ఇచ్చాయి. మెషిన్ దగ్గర ఉన్నది మా పెదనాన్న మనవడు. పేరు రాయను, వాడికి ఆ పని కావాలి. డిగ్రీ ఫెయిలయ్యి మూడేళ్ళుగా అక్కడే. నెలకు 14 వేలు.

నేను లోపలికి అడుగుపెట్టగానే ముక్కు మండింది. వాడు ప్రింటు ఎక్కించి, తలుపు తీసుకుని బయటకెళ్ళి, కాలవ పక్కన కూచుని వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుని మళ్ళీ లోపలికొచ్చి, "బాబాయ్, కోటు నీలం సరిపోద్దా?" అని అడిగాడు.

నేనేమన్నానో తెలుసా? "ఇంకొంచెం ముదురు కొట్టరా" అన్నాను.

వాడు ముదురు కొట్టాడు. పొద్దున సెంటర్లో ఆ ఫ్లెక్సీ కింద నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాను. పని హక్కు గురించి, గౌరవం గురించి. వాడు సభకు రాలేదు. ఇంట్లో పడుకున్నాడు. ఈ భాగం ఆ సిగ్గుతో రాస్తున్నదే.

ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్పుకుందాం. మనం గుడ్డ అనుకునే ఫ్లెక్సీ గుడ్డ కాదు, పీవీసీ ప్లాస్టిక్. ప్లాస్టిక్ మీద నీళ్ళ రంగు నిలవదు. అందుకని ఆ ఇంకులో రంగును మోసుకెళ్ళే ద్రావకం ఉంటుంది. పాత రకం సాల్వెంట్ మెషిన్లలో వాడే ఇంకుల్లో ముఖ్యమైనది సైక్లోహెక్సనోన్. పేరు కొత్తగా ఉంది కానీ వాసన మీకు తెలిసిందే. ఇంట్లో పీవీసీ పైపులు అతికించడానికి ప్లంబర్ పూసే సొల్యూషన్ ఉంటుంది చూడండి, దాంట్లోనూ ఇదే జాతి సరుకు. ఆ చిన్న డబ్బా మూత తీస్తేనే మనం మొహం పక్కకు తిప్పుకుంటాం. ఇది ప్లాస్టిక్ పై పొరను కొంచెం కరిగించి రంగును లోపలికి పట్టిస్తుంది. ఆ తర్వాత దాని పని అయిపోయింది, అది వెళ్ళిపోవాలి. మెషిన్‌కు హీటర్లు పెట్టేది అందుకే. "ఇంకు ఆరింది" అంటాం. ఆరింది అంటే ఆ ద్రావకం ఆవిరై గదిలోకి వచ్చిందని. గదిలోంచి ఎక్కడికి పోవాలి?

ఎక్కడికీ పోదు. తలుపు మూసి ఉంటుంది. కిటికీకి థర్మాకోల్ కొట్టి ఉంటుంది. దుమ్ము పడితే ప్రింటు హెడ్డు మూసుకుపోతుంది. ఒక్కో హెడ్డు ఖరీదు మావాడి కొన్ని నెలల జీతం. ఏసీ కూడా మెషిన్ కోసమే. బయటివాళ్ళు "ఏసీలో కూచుని చేసే పని, అదృష్టవంతుడు" అంటారు. గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ వదులుతుంది. ఆ గదిలో రాత్రంతా కూర్చున్నవాడు ఉదయం వేసిన ప్రింటు ఆవిరిని కూడా పీలుస్తూనే ఉంటాడు. హెడ్డు మూసుకుపోతే సిరంజితో క్లీనింగ్ సొల్యూషన్ ఎక్కిస్తారు, గుడ్డతో తుడుస్తారు, చేతికంటిన ఇంకును అదే సొల్యూషన్‌తో కడుక్కుంటారు. మావాడి వేళ్ళు చూస్తే ఎండిన చెరువు బీటల్లా ఉంటాయి. చర్మంలోని కొవ్వును అది లాగేస్తుంది. పగిలిన చర్మంలోంచి ఒంట్లోకి పోవడం ఇంకా తేలిక.

మాస్కు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకుంటాడు, కరోనా నాటి నీలం మాస్కు. అది తుంపరలను ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. ఆవిరిని ఆపాలంటే బొగ్గు కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, ఆ కార్ట్‌రిడ్జ్‌ను కూడా ఎప్పటికప్పుడు మార్చాలి.

ఈ వాసన నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ కింద పదమూడు నెలలు హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక కవర్ల ప్రింటింగ్ యూనిట్‌లో హెల్పర్‌గా చేశాను. చిప్స్ ప్యాకెట్లు, పాన్ మసాలా ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు, ఇవన్నీ అలాంటి చోట్ల పుడతాయి. గ్రేవ్యూర్ మెషిన్. రంగుకో సిలిండర్, సిలిండర్ కింద ఇంకు తొట్టి. సిలిండర్ మీద ఎక్కువైన ఇంకును గీకేసే ఇనుప పట్టీ పేరు డాక్టర్ బ్లేడ్. ఆ యూనిట్‌లో నేను చూసిన డాక్టర్ అదొక్కటే. ఇంకు చిక్కబడుతూ ఉంటుంది. చిన్న కప్పులో పట్టి అడుగున ఉన్న కన్నంలోంచి ఎన్ని సెకన్లలో కారిందో లెక్కపెట్టి, చిక్కగా ఉంటే డ్రమ్ములోంచి మగ్గుతో ముంచి పొయ్యాలి. ఆ డ్రమ్ముల్లో ఉండేది టోలుయిన్, ఇథైల్ అసిటేట్, ఐపీఏ. మాకు ఆ పేర్లేవీ చెప్పలేదు. అన్నిటికీ ఒకటే పేరు, థిన్నర్. తొట్లకు మూతలుండవు. రోజంతా ఆ తొట్ల మధ్య వంగి పనిచేయాలి.

మొదటి వారం తలనొప్పి. తర్వాత తలనొప్పి తగ్గి, ఒక రకమైన తేలికతనం. మందు తాగకుండానే తాగినట్టు. ఆదివారం ఒళ్ళు బాగుండేది, సోమవారం మళ్ళీ మొదటికి వచ్చేది. సూపర్‌వైజర్ బెల్లం ముక్క ఇచ్చేవాడు, తింటే విషం లాగేస్తుందని. అరటిపండు కూడా ఇచ్చిన రోజులున్నాయి. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆవిరిని బెల్లం ఎలా లాగుతుందని ఎవరం అడగలేదు. బెల్లం కిలో ధర ఎగ్జాస్ట్ ఫ్యాన్ ధర కన్నా తక్కువ, అంతే. అసలు ఫ్యాన్ ఒకటి ఉండేది, పైకప్పు దగ్గర. ఈ ఆవిరులు గాలి కన్నా బరువు. టోలుయిన్ ఆవిరి గాలికి మూడు రెట్లు. అది కిందికి దిగి మా మోకాళ్ళ దగ్గర, తొట్ల దగ్గర పేరుకునేది. పైన ఫ్యాన్ ఏసీబెస్టాస్ రేకుల వేడిని బయటికి పంపుతూ ఉండేది.

ఒకరోజు రూముకెళ్ళే దారి మర్చిపోయాను. మూడు నెలలు నడిచిన దారి. రోడ్డు మీద నిలబడి, ఎడమా కుడా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. భయమేసి డాక్టర్ దగ్గరికెళ్ళాను. ఆయన నా కళ్ళు చూసి, నా మాట తడబాటు విని, ఊరూ పేరూ అడిగి, "రోజుకెంత తాగుతావు?" అన్నాడు. నేను తాగనన్నాను. నవ్వాడు. బీ కాంప్లెక్స్ రాశాడు.

ఆ నవ్వు దగ్గర కొంచెం ఆగుదాం. టోలుయిన్ మత్తు చూడ్డానికి తాగినట్టే ఉంటుంది. నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది, చిరాకొస్తుంది, జ్ఞాపకం జారుతుంది. పనిచేసే వాళ్ళది మా కులాలైతే, రోగాన్ని చూసేవాడి దగ్గర జబ్బు పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. వీళ్ళు తాగుబోతులు కదా. అక్కడితో పరీక్ష అయిపోయింది. "ఏం పని చేస్తావు?" అనే ఒక్క ప్రశ్న అడగడు. మన దేశంలో వృత్తి వ్యాధులు లెక్కల్లో కనపడకపోవడానికి సగం కారణం ఆ అడగని ప్రశ్నేనని నా అభిప్రాయం. మన పిల్లలు మెడిసిన్ చదువుతున్నారు, ఈ మాట వాళ్ళ కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. మీరైనా అడగండి.

అడగడం డాక్టర్ దయ కూడా కాదు. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948, 89వ సెక్షన్ తీసి చూడండి. మూడో షెడ్యూల్‌లో ఉన్న జబ్బు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి వచ్చిందని తెలిస్తే, వైద్యం చేసే డాక్టర్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలని ఉండేది. ఆ షెడ్యూల్‌లో బెంజీన్‌తో పాటు దాని వరుస రసాయనాల విషం కూడా ఉండేది. టోలుయిన్ ఆ వరుసలో బెంజీన్ తర్వాతదే. అదే చట్టం రెండో షెడ్యూల్‌లో గాలిలో టోలుయిన్ ఎంత దాకా ఉండొచ్చో కూడా రాసి ఉండేది: ఎనిమిది గంటల సగటున పది లక్షల పాళ్ళ గాలికి 100 పాళ్ళు. అమెరికాలో ఇలాంటి హద్దులు సూచించే నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ దాన్ని 20కి తగ్గించి చాలా ఏళ్ళయింది. మన చట్టం మాత్రం 100 దగ్గరే ఉండిపోయింది. సరే, ఆ 100 అయినా ఎవరు కొలిచారు? నేను పనిచేసిన పదమూడు నెలల్లో గాలి కొలిచే మనిషి ఎవరూ మా షెడ్డుకు రాలేదు.

ఇంకో సంగతి. 2020లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆహార ప్యాకెట్ల ఇంకుల ప్రమాణాన్ని సవరించి, టోలుయిన్‌ను వాడకూడని వాటిలో చేర్చింది. మంచి పని, నేను కాదనను. చిప్స్ తినే పిల్లలకు ప్యాకెట్ లోంచి అది అంటకూడదు. కానీ చూడండి, తినేవాడి నోటి దగ్గర దాన్ని ఆపాలని తోచింది. తొట్టి దగ్గర మగ్గుతో పోసేవాడి ముక్కు కోసం మాత్రం 100 అనే అంకె అలాగే ఉండిపోయింది. ఆహారం కాని కవర్ల మీద, సంచుల మీద ఆ నిషేధం కూడా లేదు.

మీరు అతిగా చెప్తున్నారు అనేవాళ్ళుంటారు. ప్రతి తలనొప్పీ టోలుయిన్ వల్ల కాదు, నాకు తెలుసు. కానీ ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు జ్ఞాపకశక్తి, వినికిడి, రంగులు పోల్చుకునే చూపు దెబ్బతింటాయని పరిశోధకులు ఎప్పుడో రాశారు. మెషిన్ హోరు తోడైతే చెవులు ఇంకా త్వరగా పోతాయి. రంగుల పనిచేసేవాడికి రంగులు తెలియకుండా పోవడం గురించి ఆలోచించండి.

జపాన్‌లో ఒసాకాలో జరిగింది చెప్తాను. ఒక చిన్న ప్రింటింగ్ కంపెనీ, ప్లాస్టిక్ కాదు, కాగితం మీద నమూనా ప్రింట్లు తీసేది. రోజుకు ఎన్నోసార్లు మెషిన్‌కు అంటిన ఇంకును ద్రావకంతో తుడవాలి. గాలి సరిగ్గా బయటకు పోని గది. అక్కడ పనిచేసిన యువకులకు పిత్తనాళ క్యాన్సర్ వచ్చింది. మామూలుగా అది ముసలితనంలో వచ్చే జబ్బు. షింజి కుమగాయ్ అనే పరిశోధకుడు లెక్క తీసి 2012లో బయటపెట్టాడు. చివరికి ఆ ఒక్క కంపెనీలో 17 మంది. 1,2-డైక్లోరోప్రొపేన్ అనే ద్రావకం కారణమని తేలింది. 2013లో జపాన్ ప్రభుత్వం దాన్ని వృత్తి వ్యాధిగా ఒప్పుకుంది. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆ రసాయనాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది. అంతకుముందు దాకా దానికి హద్దులు రాసిన చట్టం జపాన్‌లో కూడా లేదు. కాబట్టి సురక్షితం అనుకున్నారు. మావాడు హెడ్డు కడిగే క్యాన్ మీద పేరు లేదు, ఏముందో రాసిన చీటీ లేదు. "క్లీనింగ్ సొల్యూషన్" అని మార్కర్‌తో రాసి ఉంది, అంతే.

ఫ్లెక్సీ షాపు సంగతికొస్తే అక్కడ ఈ చట్టమూ లేదు. 1948 చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటేనే ఫ్యాక్టరీ. మావాడి షాపులో నలుగురు. అందుకని అది "షాపు". బట్టల కొట్టూ ఇదీ ఒకటే. నలుగురి ఊపిరితిత్తుల్లోకి పోయే సైక్లోహెక్సనోన్‌కు తలలు లెక్కపెట్టడం రాదు. 2020లో పార్లమెంటు పాస్ చేసిన కొత్త భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. అది 2025లో అమల్లోకి వచ్చింది, దాంతో కాటేదాన్‌లో నేను పనిచేసిన లాంటి యూనిట్లు కూడా కొన్ని గీత బయటికి జారాయి. 1948 చట్టంలోనే 85వ సెక్షన్ ఉండేది. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే పది మంది లేని చోటుకీ చట్టాన్ని వర్తింపజేయగలిగేది. దాని కోసం మనం ఎప్పుడైనా ఒక్క ధర్నా చేశామా?

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. ఫ్యాక్టరీలో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన 1946 సవరణ ఆయన శాఖ తెచ్చిందే. ఆ కోటు వేసుకున్న మనిషి చేసిన పని అది. మనం కోటు రంగు దగ్గర ఆగిపోయాం.

మా తాత లందలో నిలబడి తోళ్ళు ఊనేవాడు. సున్నం నీళ్ళు, తంగేడు చెక్క. కాళ్ళు ఎప్పుడూ పుండ్లే. ఊరు ఆ వాసన చెప్పి మమ్మల్ని దూరం పెట్టింది, తోలు మాత్రం చెప్పులుగా వేసుకుంది. మా నాన్న ఆ లందను పూడ్చేశాడు. పిల్లలు ఆ వాసనలో పెరగకూడదని. ఇప్పుడు మనవడి తరం ఇంకో లందలో నిలబడి ఉంది. దీనికి ఏసీ ఉంది, అంటు లేదు. అంటు లేదు కాబట్టి ఎవరికీ వాసన రావడం లేదు. మాకు కూడా.

2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించినప్పుడు రెండు మాటలే వినపడ్డాయి. సముద్రం ఏమైపోతుంది అని ఒకరు, లోను తీసుకుని మెషిన్లు కొన్న ఓనర్లు ఏమైపోతారు అని ఇంకొకరు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మెషిన్ పక్కన కూర్చున్న పిల్లాడి గొంతు మంట రెండింట్లోనూ లేదు. నిషేధం ఏమైందో మీ సెంటర్‌కెళ్ళి తల పైకెత్తితే కనపడుతుంది.

మనలోనే కొందరు అంటారు, ఇప్పటికే కమిటీలో ఇద్దరు అన్నారు: "ఫ్లెక్సీ లేకపోతే మనం కనపడం. వాళ్ళ నాయకుల ఫ్లెక్సీలు ఊరు నిండా ఉంటే మన పల్లె ముందు ఒక్కటి కట్టినా గొడవే. ఇప్పుడు మనమే మానుకుంటే వాళ్ళు నవ్వుతారు." ఇది కొట్టిపారేసే మాట కాదు. మన ఫ్లెక్సీ చించితే రోడ్డెక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను. సెంటర్లో మన మొహం కనపడడం వెనక దెబ్బలు తిన్న చరిత్ర ఉంది. నేను మానేద్దామనడం లేదు. పన్నెండు అవసరమా? ఒకే బాబాసాహెబ్ కింద ముప్పై రెండు మంది పాస్‌పోర్ట్ ఫొటోలు అవసరమా? వాటి కోసం రాత్రంతా మెషిన్ ఆడడం అవసరమా? ఫ్లెక్సీ రాకముందు మా పల్లెలో గుడ్డ మీద బాబాసాహెబ్‌ను గీసిన ఒక పెయింటర్ ఉన్నాడు. ఇప్పుడు వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. ఆయన చెయ్యి ఇంకా బాగానే ఉంది.

కెమిస్ట్రీ, పబ్లిక్ హెల్త్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు ప్రాజెక్టు కావాలి కదా. గాలిలో ఆవిరి కొలిచే చేతి మీటర్లు మీ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ టౌన్‌లో ఒక్క షాపుకు పట్టుకెళ్ళండి. గ్రేవ్యూర్ యూనిట్లలో పనిచేసేవాళ్ళ మూత్రంలో హిప్యూరిక్ యాసిడ్ చూస్తే టోలుయిన్ ఎంత పీల్చారో కొంత తెలుస్తుంది. ముందురోజు నుంచి కూల్‌డ్రింకులు, సీసా పచ్చళ్ళు మానమని చెప్పండి. వాటిలో వేసే బెంజోయేట్ వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది, అప్పుడు ఓనర్ తరఫు డాక్టర్ "థమ్సప్ తాగాడు" అని తేల్చేస్తాడు. మందు కాకపోతే థమ్సప్.

మొన్న ఆదివారం మావాడితో కూచున్నాను. వచ్చే ఏడు ఆర్డర్ పది రోజుల ముందే ఇస్తాం, రాత్రి పని ఉండదు అన్నాను, పెద్ద త్యాగం చేస్తున్నట్టు. వాడు నవ్వి, "ముందే ఇస్తే ఆ రాత్రికి మా ఓనర్ ఇంకో కమిటీది పట్టుకుంటాడు బాబాయ్" అన్నాడు. అదీ నిజమే. వాడు అడిగింది వేరే. కిటికీ థర్మాకోల్ తీసి, నేలకు దగ్గరగా ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురు గోడకు దుమ్ము ఆపే జాలీతో గాలి వచ్చే కన్నం. కార్ట్‌రిడ్జ్ మాస్కు రెండు. క్యాన్‌లో ఏముందో రాసిన సేఫ్టీ షీటు. చేతులకు గ్లవుజులు. ఓనర్‌ను తనే అడిగాడట. మనిషి చెడ్డవాడేం కాదు, ఆయనకూ రాత్రి తలనొప్పే. కానీ "దుమ్ము పడి హెడ్డు పోతే ఎవరు కడతారు, నీ జీతంలో కొయ్యనా?" అన్నాడట.

ఆ షాపుకు ఏప్రిల్‌లో మన అయిదు కమిటీలు కలిసి ఇచ్చే డబ్బు ఎంతో మొన్న లెక్క వేశాను. ఫ్యాన్, జాలీ, మాస్కులు కలిపినా అందులో చిన్న ముక్క. మే మొదటి ఆదివారం పొద్దున పదింటికి అయిదు కమిటీల వాళ్ళం కలిసి వెళ్ళి ఓనర్‌తో మాట్లాడుతున్నాం. ఫ్యాన్ పెట్టేదాకా వచ్చే ఆర్డర్ ఇవ్వమని చెప్తాం, మావాడి పని పోకుండా మాట తీసుకుంటాం. మా టౌన్ వాళ్ళు రాగలిగితే బస్టాండు దగ్గరికి రండి. ఫొటోలు, ఫ్లెక్సీ ఏమీ వద్దు.